ఎంచుకోకపోవడం ఎవరి పక్షం?

సాంస్కృతిక రంగంలో పనిచేసే విద్యార్థుల కోసం, ఉపాధ్యాయుల కోసం మా మిత్రులు కొందరు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తున్నారు. మొదటి నుంచి కొత్తగా సృష్టిస్తున్నారని కాదు. లినక్స్ పునాది మీద, ఉబుంటు స్టూడియో వంటి సృజనాత్మక వ్యవస్థల నమూనాలో, బొమ్మ వెయ్యడానికి, పాట రికార్డు చెయ్యడానికి, పుస్తకం కూర్చడానికి, వీడియో తియ్యడానికి కావలసిన ప్రోగ్రాములన్నీ ఒక పెన్‌డ్రైవులో అమర్చి ఊరూరా పంచాలని వారి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఆ సంఘంలో నేనూ ఒక సభ్యుణ్ణి. కాని కిందటి సమావేశంలో ఒక చిన్న విషయం మీద నేను ఒంటరివాణ్ణి అయిపోయాను. లైవ్ వీడియో మిక్సింగుకు ఏ ప్రోగ్రాము పెట్టాలనేది ఆ విషయం. "ఉన్నవన్నీ పెడదాం, ఎవరికి నచ్చింది వారు వాడుకుంటారు" అని తీర్మానించారు. కాదు, ఒకటే ఎంచి ముందు పెట్టాలని నేనన్నాను. నాది నిరంకుశ ధోరణి అన్నారు. ప్రజలకు దక్కవలసిన ఎంపికను నేను కాజేస్తున్నానన్నారు. ఆ ఆరోపణకు జవాబు చెప్పడం నా విధి. ఇది మా సంఘం ఇంటి గొడవ మాత్రమే అయితే ఇక్కడ రాయవలసిన అవసరం లేదు. అభ్యుదయ సంస్థల్లో సర్వత్రా కనిపించే ఒక ఆలోచనా రీతి ఇందులో వుంది గనకనే రాస్తున్నాను.

లైవ్ మిక్సింగ్ అంటే ఏమిటో తెలియని పాఠకులు వుండవచ్చు. వేదిక మీద ప్రదర్శన జరుగుతూ వుంటుంది. రెండు మూడు కెమెరాలు వేర్వేరు వైపుల నుంచి చూస్తూ వుంటాయి. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి, ఈ క్షణాన ఏ కెమెరా దృశ్యం ప్రేక్షకుడికి వెళ్లాలో నిర్ణయిస్తాడు. అడుగున పేరు వేస్తాడు, శబ్దం సరిచూస్తాడు. ఆ కలిపిన దృశ్యాన్ని అప్పటికప్పుడు బయటికి పంపుతాడు, రికార్డు కూడా చేస్తాడు. సినిమా ఎడిటింగులో పొరపాటు చేస్తే మళ్లీ దిద్దుకోవచ్చు. ఇక్కడ పొరపాటు పొరపాటుగానే మిగిలిపోతుంది. అంచేత ఈ పనిముట్టును నమ్మగలగాలి. నమ్మదగనిదని తెలిసేసరికి సభ అయిపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. కొన్నేళ్ల కిందట మా జిల్లాలో ఒక వృద్ధ బుర్రకథ కళాకారుణ్ణి పిలిచి ప్రదర్శన ఏర్పాటు చేశాం. కథకుడు ఆయనే. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, రెండోపక్క హాస్యం చెప్పే వంత. మూడు కెమెరాలు పెట్టాం. మిక్సింగుకు ఒక కంపెనీ అమ్మే ప్రోగ్రాము వాడాం. దాన్ని ఎంచినవాణ్ణి నేనే. "పని జరగడం ముఖ్యం, సిద్ధాంతాలు తర్వాత" అని వాదించినవాణ్ణీ నేనే. ఏడాది చందా ముందురోజు రాత్రితో ముగిసిందని మాకెవరికీ గుర్తులేదు. ప్రోగ్రాము ఆగిపోలేదు. ఆగిపోయివుంటే ఒక కెమెరాతోనైనా నేరుగా తీసుకునేవాళ్లం. అది మర్యాదగా పనిచేస్తూనే, దృశ్యం మొత్తం మీద తన కంపెనీ పేరును తెల్లటి అక్షరాల్లో అడ్డంగా పరిచింది. అప్పటికి ఆయన తంబుర భుజాన వేసుకుని, వేలికి అందె తొడుక్కుని కథ ఎత్తుకున్నాడు. ఆపమని చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. రెండు గంటల కథ అలాగే రికార్డయింది. మరుసటి ఏడు ఆయన పోయాడు. ఆ రికార్డు తీసుకుపోయి ఇస్తే ఆయన కూతురు కొంతసేపు చూసి, "మాస్టారూ, మా నాయన మొహం మీద అదేం రాతండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన జవాబు ఇది: అమ్మా, నీ తండ్రి కళకు అవసరమైన పనిముట్టు మాది కాదు. అద్దెకు తెచ్చుకున్నాం. అద్దె బాకీ పడింది గనక యజమాని తన ముద్ర వేశాడు.

పనిముట్టు తటస్థమైనది, వాడేవాణ్ణి బట్టి వుంటుంది అనే మాట నేను అప్పటినుంచి నమ్మడం మానేశాను. 1940 దశకంలో ప్రజానాట్యమండలి దళాలు ఊళ్లు తిరిగి బుర్రకథలు చెప్పినప్పుడు డక్కీ, తంబుర, గజ్జెలు అన్నీ వారివే. వారి నోరు కట్టెయ్యాలంటే ప్రభుత్వం నిషేధ ఉత్తర్వు జారీ చెయ్యవలసి వచ్చేది. ఈనాడు ఆ శ్రమ ఎవరికీ అక్కర్లేదు. చందా ముగిసిన తారీకు చాలు. ఉత్పత్తి సాధనం ఎవరి చేతిలో వున్నదనే ప్రశ్న మిల్లులకు, పొలాలకు సంబంధించింది మాత్రమే అనుకునే మిత్రులు, కళాకారుడు కూడా సాధనాలతోనే ఉత్పత్తి చేస్తాడని మరిచిపోతున్నారు.

ఇంతవరకు మా సంఘంలో భేదాభిప్రాయం లేదు. స్వేచ్ఛా సాఫ్టువేరే వాడాలన్నది అందరి మాట. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమం, 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు, 1991లో మొదలైన లినక్స్ మనకు ఏమిచ్చాయో ఇక్కడ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉచితంగా దొరకడం ఇందులో ముఖ్యం కాదు. కంపెనీ కూడా ఉచితంగా ఇవ్వగలదు, రేపు తీసుకోగలదు. సోర్స్ కోడ్ మన చేతికి రావడం, దాన్ని చదివి, మార్చి, మళ్లీ పంచే హక్కు రావడం, మార్చి పంచినవాడు ఆ హక్కును ఇతరులకు కూడా ఇచ్చితీరాలనే షరతు వుండడం ముఖ్యం. జీపీఎల్ బలమంతా ఆ షరతులో వుంది. మన భాషలో కూడా ఈ కృషి జరిగింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇదే పునాది మీద కట్టింది.

భేదం ఇక్కడి నుంచి మొదలవుతుంది. మా ఇంజనీరు మిత్రుల వాదన ఇది: లైవ్ మిక్సింగుకు పనికివచ్చే స్వేచ్ఛా ప్రోగ్రాములు ఓబీఎస్ స్టూడియో, వోక్టోమిక్స్, లైవ్స్, వీజే మొదలైనవి చాలా వున్నాయి. అన్నీ స్వేచ్ఛాయుతమైనవే గనక అన్నీ సమానమే. అన్నిటినీ మెనూలో పెడదాం. ఒకదాన్ని ముందుంచి మిగతావాటిని వెనక్కు నెట్టే హక్కు మనకెవరిచ్చారు?

వినడానికి ఇది ప్రజాస్వామికంగా వుంది. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను, దాని ఫలితమూ చూశాను. కిందటేడు ఒక కళాశాలలో రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టి, నాలుగు మిక్సింగ్ ప్రోగ్రాములు వున్న పెన్‌డ్రైవులు పంచాను. పాతికమంది విద్యార్థులు. వారిలో సొంత లాప్‌టాప్ వున్నవారు ఆరుగురు. మిగతావాళ్లు కళాశాల కంప్యూటర్ల ముందు ఇద్దరేసి ముగ్గురేసి కూర్చున్నారు. ఒకమ్మాయి మెనూ తెరిచి, నాలుగు పేర్లూ చదివి, "మాస్టారూ, వీటిలో ఏది నొక్కాలండీ?" అంది. "నీ ఇష్టం" అన్నాను. ఎంతో ఉదారంగా అన్నాననుకున్నాను. మొదటిరోజు అంతా ఆ నాలుగింటినీ తెరవడంతో, మూయడంతో, ఒకదానిలో కెమెరా కనిపించక మరొకదాన్ని వెతకడంతో సరిపోయింది. రెండోరోజు మధ్యాహ్నానికి పనిచేస్తున్న మిక్సర్లు మూడు తేలాయి. ఆ మూడూ సొంత లాప్‌టాప్ వున్న కుర్రాళ్లవి. ఇళ్లలో ఇంటర్నెట్టు వున్నవారూ, ఇంగ్లీషు ధారాళంగా చదవగలవారూ, రాత్రి మేలుకుని వీడియోలు చూసి నేర్చుకోగలిగినవారూ వాళ్లే. ఆ అమ్మాయి నన్ను ఇంకేమీ అడగలేదు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఎంపికకు అవకాశం ఇవ్వడమూ, ఎంచుకునే శక్తి ఇవ్వడమూ ఒకటి కాదని నాకు అప్పుడు తెలిసింది. నాలుగింటిని పరీక్షించి తేల్చుకోవడానికి కాలం కావాలి, మంచి యంత్రం కావాలి, భాష కావాలి. ఇవి వున్నవాడికి నాలుగు పేర్ల మెనూ స్వేచ్ఛ. లేనివాడికి అది మూసిన తలుపు. బజారులో అన్ని సరుకులూ వున్నాయి, ఎవరికి కావలసింది వారు కొనుక్కోవచ్చు అనే ఉదారవాదానికీ, మా సంఘం తీర్మానానికీ తేడా నాకైతే కనిపించడం లేదు. అనుభవం వున్న మనం చెయ్యవలసిన పని చెయ్యకుండా అనుభవం లేనివాడి నెత్తిన వేసి, దానికి ప్రజాస్వామ్యమని పేరు పెడుతున్నాం.

రెండో సంగతి శ్రమకు సంబంధించింది. మెనూలో ఒక పేరు చేర్చడానికి ఖర్చేమీ లేదని మా మిత్రులు భావిస్తున్నారు. ఈ రంగపు చరిత్ర అలా చెప్పడం లేదు. ఉబుంటు స్టూడియో మొదటి విడుదల 2007 మేలో వచ్చింది. ప్రపంచమంతటా వేలమంది వాడే ఆ వ్యవస్థను నడిపింది కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. 2018 ఏప్రిల్ విడుదలను దీర్ఘకాలం కాపాడుకునే బలగం లేక, దానికి మూడేళ్ల మద్దతు కాకుండా తొమ్మిది నెలల మద్దతు మాత్రమే ప్రకటించవలసి వచ్చింది. చేర్చిన ప్రతి ప్రోగ్రామునూ ప్రతి విడుదలకూ పరీక్షించాలి. పగిలితే అతకాలి. అడిగినవాడికి జవాబు చెప్పాలి. ఆ పని చెయ్యకుండా పంచితే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో చూశాం. ఫెడోరా వారు తాము సొంతంగా కట్టి పంచుతున్న ఓబీఎస్ ఫ్లాట్‌ప్యాక్ సరిగా పనిచెయ్యడం లేదనీ, దాని లోపాలకు వాడుకరులు తమను తప్పుపడుతున్నారనీ ఓబీఎస్ నిర్మాతలు ఆక్షేపించారు. చట్టపరమైన చర్య అనే మాట కూడా వచ్చింది. తర్వాత సర్దుబాటయింది. ఇరుపక్షాలూ స్వేచ్ఛా సాఫ్టువేరు వారే. లైసెన్సు ఇద్దరికీ హక్కులిచ్చింది గాని, పంచేవాడి బాధ్యత మాత్రం ఏ లైసెన్సులోనూ రాసి వుండదు. మా సంఘంలో ఈ పని తెలిసినవారు నలుగురు. నలుగురూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు పనిచేస్తున్నవారు. నాలుగు మిక్సర్లను కాపాడతామనడం, ఒక్కదాన్నీ కాపాడమని చెప్పడమే.

మూడోది, అన్నిటికంటె ముఖ్యమైనది, యంత్రం. స్వేచ్ఛ లైసెన్సు కాగితంలో పుడుతుంది గాని అక్కడే బతకదు. ఎవరి దగ్గర ఎలాంటి యంత్రం వుందో చూసుకుని కట్టిన వ్యవస్థకు మంచి ఉదాహరణ డైన్‌బాలిక్. 2000 దశకం మొదట్లో జరోమిల్ అనే ఇటలీ ప్రోగ్రామరు, ఆయన మిత్రులు దాన్ని తయారుచేశారు. పత్రికా కార్యకర్తలకు, కళాకారులకు ఉద్దేశించిన ఆ వ్యవస్థ సీడీ మీద నుంచే నడిచేది, హార్డ్ డిస్కు అక్కర్లేదు. అప్పటికే పాతబడిన పెంటియం యంత్రం, 64 మెగాబైట్ల మెమొరీ వుంటే చాలు. అందులో లైవ్ వీడియోకు జరోమిల్ స్వయంగా రాసిన ఫ్రీజే అనే మిక్సరు వుండేది. ధనిక దేశాలు పారేసిన కంప్యూటర్లే తన ప్రజల కంప్యూటర్లని గుర్తించి మొదలుపెట్టాడాయన. ఈనాడు ఫ్రీజే వాడమని నేననను. దాని అభివృద్ధి ఎప్పుడో ఆగిపోయింది. కాని ఆయన వేసుకున్న మొదటి ప్రశ్నను మనం ఇంతవరకు వేసుకోలేదు.

పనిముట్లు భౌతిక పరిస్థితులతో పాటే పుట్టి, వాటితో పాటే పోతాయి. 2007 ప్రాంతంలో డెబియన్ వార్షిక సభల కోసం డీవీస్విచ్ అనే మిక్సరు రాశారు. ఫైర్‌వైర్ తీగతో కలిపే డీవీ కెమెరాలున్న కాలమది. ఆ కాలానికి అది చక్కగా సరిపోయింది. ఆ కెమెరాలు పోయాయి, దానితో డీవీస్విచ్ కూడా వెనకబడింది. తర్వాత డెబియన్ వారు వోక్టోమిక్స్‌కు మారారు. అది జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ సభల్ని రికార్డు చేసే కార్యకర్తలు తమ అవసరానికి రాసుకున్నది. 2023 సెప్టెంబరులో డెబియన్ సభలు మన పొరుగున కొచ్చిలోనే జరిగాయి. వోక్టోమిక్స్ గొప్ప పనిముట్టు. మిక్సింగ్ చేసే భాగం వేరుగా, మీటలున్న భాగం వేరుగా వుంటాయి. మీటల భాగం ఆగిపోయినా మిక్సింగ్ సాగుతూనే వుంటుంది. అయితే అది కుదించని వీడియోను యంత్రాల మధ్య నడిపిస్తుంది గనక బలమైన కంప్యూటర్లు, వేగమైన స్థానిక నెట్‌వర్కు, అమరిక ఫైలు చేత్తో రాయగల మనిషి కావాలి. నాలుగు హాళ్లలో నాలుగు రోజులు జరిగే మహాసభకు అది తగును. గ్రంథాలయం మేడ మీద జరిగే కవిసమ్మేళనానికి తగదు.

లైవ్స్, వీజే వంటివి మరో జాతి. అవి దృశ్యంతో ఆడుకునే కళాకారుల వాద్యాలు. సంగీతానికి తగినట్టు బొమ్మల్ని అప్పటికప్పుడు వక్రించడానికి, కలపడానికి, రంగులు మార్చడానికి పుట్టాయి. వాటి విలువ నేను కాదనను. కాని మన దగ్గరికి వచ్చేవారిలో నూటికి తొంభైమందికి కావలసింది ప్రదర్శనను ఉన్నదున్నట్టు పట్టి, పేరు వేసి, నిలకడగా రికార్డు చేసే సాధనం.

అంచేత నా ఎంపిక ఓబీఎస్ స్టూడియో. 2012లో మొదట విండోస్ మీద వచ్చి, తర్వాత లినక్స్, మాక్ యంత్రాల మీదికి కూడా విస్తరించింది. జీపీఎల్ రెండో లైసెన్సు కింద వుంది. ఉబుంటు స్టూడియో వారు కూడా దాన్ని తమ వ్యవస్థలో చేర్చుకున్నారు. కారణాలు చెబుతాను. సీను, సోర్సు అనే రెండు భావనలు తెలిస్తే గంటలో పని మొదలుపెట్టవచ్చు. స్టూడియో మోడ్‌లో వచ్చే దృశ్యాన్ని ముందే పక్కన చూసుకుని తర్వాత మార్చవచ్చు. డక్కీ దెబ్బకూ చేతి కదలికకూ మధ్య తేడా వస్తే శబ్దాన్ని మిల్లీసెకన్ల లెక్కన జరపవచ్చు. రికార్డింగ్ ఎంకేవీ రూపంలో పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా అంతవరకు రికార్డయింది మిగులుతుంది. మామూలు ఎంపీ4 అయితే ముగింపు రాయకుండా ఆగిన ఫైలు తెరుచుకోదు. మన ఊళ్లలో ఈ ఒక్క గుణం చాలు. సీన్ల అమరిక అంతా జేసన్ అనే సాదా పాఠ్యం ఫైల్లో వుంటుంది. ఒక ఊళ్లో సర్దినది మరో ఊరికి పంపుకోవచ్చు. పదేళ్ల తర్వాత ఓబీఎస్ లేకపోయినా ఆ ఫైలు చదవవచ్చు.

లోపాలు కూడా చెప్పాలి. లినక్స్ మీద దానికి ఓపెన్‌జీఎల్ 3.3 పనిచేసే గ్రాఫిక్స్ వుండాలి. మరీ పాత యంత్రాల మీద అది తెరుచుకోనే తెరుచుకోదు. అలాంటి యంత్రాలున్నచోట ఒక కెమెరాతో నేరుగా రికార్డు చేసుకొమ్మని నిజం చెప్పాలి తప్ప, మెనూలో మరో మూడు పేర్లు చూపించి మభ్యపెట్టకూడదు. మరొక సంగతి: ఓబీఎస్‌ను ఉన్నదున్నట్టు పెట్టినా చాలదు. 720పి కొలతలో కుదించని వీడియో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున రావాలంటే 44 కోట్ల బిట్లు నడవాలి. పాత యూఎస్‌బీ 2 తీగ హద్దు కాగితం మీదనే 48 కోట్లు. ఒకే హబ్బుకు రెండు కెమెరాలు తగిలించిన విద్యార్థికి రెండోది ఎందుకు నల్లగా వుందో అర్థం కాదు, తన చేతగానితనమే అనుకుంటాడు. కెమెరాలోనే కుదించి పంపే ఎంజెపెగ్ రూపాన్ని మనం ముందే సర్దిపెడితే ఆ అవమానం వుండదు. మా దగ్గరున్న 4 జీబీ లాప్‌టాప్ మీద ఇలా సర్ది రెండు కెమెరాలతో మూడు గంటల సభ నడిపాం. ఎంపిక అంటే పేరు ఎంచడం కాదు, ఇలా సర్దిపెట్టడం. నాలుగింటిని పెడితే ఏ ఒక్కదాన్నీ ఇలా సర్దలేం.

ఇక ఎడమవైపు నుంచి వచ్చే విమర్శ ఒకటుంది. ఓబీఎస్ వీడియో గేములు ఆడేవారి కోసం పుట్టింది, ట్విచ్, యూట్యూబ్ వంటి వేదికల యజమానులు దానికి విరాళాలిస్తూ వచ్చారు, అది పెట్టుబడి పెంచిన బిడ్డ కదా అని ఒక యువమిత్రుడు అడిగాడు. నిజమే. అచ్చుయంత్రాన్ని కూడా కార్మికవర్గం కనిపెట్టలేదు. తన వేదికకు సరుకు కావాలి గనక పెట్టుబడి ఈ పనిముట్టును పోషిస్తోంది. కాని జీపీఎల్ వున్నంతకాలం ఇప్పటికే విడుదలైన కోడును అది వెనక్కు లాక్కోలేదు. లాక్కోవాలనే కోరిక లేకపోలేదు. స్ట్రీమ్‌ల్యాబ్స్ అనే కంపెనీ ఓబీఎస్ కోడు మీద తన సరుకు కట్టుకుని, ఓబీఎస్ అనే పేరును కూడా దానికి తగిలించుకుంది. ఆ పేరు వాడవద్దని కోరినా వినలేదని 2021 నవంబరులో ఓబీఎస్ నిర్మాతలు బహిరంగంగా చెప్పారు. నలుగురూ నిలదీశాక కంపెనీ ఆ పేరు తొలగించుకుంది. కోడును లైసెన్సు కాపాడింది. పేరును కాపాడింది మనుషులు.

అయితే యువమిత్రుడి హెచ్చరికలో సత్యం వుంది. ఓబీఎస్ తెరవగానే ప్రసారానికి పెద్ద వేదికల పేర్లు వరసగా కనిపిస్తాయి. అక్కడితో ఆగితే మనం స్వేచ్ఛగా కలిపిన దృశ్యాన్ని తీసుకుపోయి మళ్లీ వారి గుమ్మంలోనే పోస్తాం. కాని సొంత సర్వరు చిరునామా ఇచ్చే వీలు కూడా అందులోనే వుంది. ఫ్రాన్సులో ఫ్రామాసాఫ్ట్ సంస్థ తయారుచేసిన పీర్‌ట్యూబ్‌లో 2021 జనవరి నుంచి ప్రత్యక్ష ప్రసారం సాధ్యమైంది. ఒక విశ్వవిద్యాలయ ఉపాధ్యాయ సంఘమో, విద్యార్థి సంఘమో దాన్ని నడపగలదు. మన వ్యవస్థలో మొదట కనిపించే చిరునామా అది కావాలి. అలాగే దొడ్డిదారులు చూసుకోవాలి. నెట్‌వర్కు మీద కెమెరాల్ని కలిపే ఎన్‌డీఐ అనే పద్ధతి చాలా సుఖంగా వుంటుంది. దాన్ని ఓబీఎస్‌కు తగిలించే ప్లగిన్ సోర్స్ కోడ్ తెరిచే వుంది గాని, దాని వెనక నడిచే లైబ్రరీ కంపెనీ సొత్తు. సుఖం కోసం దాన్ని చేరిస్తే నా బుర్రకథ నాటి కథే మళ్లీ మొదలవుతుంది.

చివరగా, నన్ను నిజంగా కలవరపెట్టిన విషయం. అదే శిబిరంలో ఓబీఎస్‌తో వక్త పేరు అడుగున తెలుగులో వేద్దామని చూశాం. లినక్స్ మీద అందులో వున్న మామూలు టెక్స్ట్ సోర్సు మన అక్షరాల్ని కూర్చలేకపోయింది. వత్తులన్నీ విడిపోయి, పొల్లులు పైకి తేలి, 'స్త్రీ' అనే మాట మూడు ముక్కలై పక్కపక్కన నిలబడింది. ఆ ప్రోగ్రాము రాసినవారికి మన మీద ద్వేషం లేదు. వారి అక్షరాలు పక్కపక్కనే కూర్చుంటాయి, మనవి ఒకదాని కింద ఒకటి చేరతాయి. వారికి తట్టలేదు, మనం చెప్పలేదు. బ్రౌజర్ సోర్సు వాడితే అదే మాట సరిగా వచ్చింది, ఆ దారిలో అప్పటికి పని గడుపుకున్నాం. కంపెనీ సరుకైతే అర్జీ పెట్టుకుని ఎదురుచూడాలి. ఇక్కడ కోడు మన ముందే వుంది. కాని కోడు ముందు వున్నంత మాత్రాన దానంతటది తెలుగు నేర్చుకోదు. నాలుగు ప్రోగ్రాముల మీద చెల్లాచెదరైన నలుగురు ఇంజనీర్లు ఈ పని ఎన్నటికీ చెయ్యలేరు. ఒక్కదాని మీద కూర్చుంటే చెయ్యగలరు. మెనూలను తెలుగు చెయ్యవచ్చు, సర్దిన అమరికను పంచవచ్చు, వత్తుల లోపాన్ని దిద్ది మూలానికే పంపవచ్చు. అప్పుడు తెలుగుకే కాదు, కన్నడానికీ మలయాళానికీ కూడా మేలు జరుగుతుంది. మనం వాడుకునేవాళ్లం మాత్రమే కాక, కట్టేవాళ్లలో చేరడమంటే ఇదే.

నేను చెప్పిన ఒక్కటే శాశ్వతమని అనడం లేదు. డీవీస్విచ్ పోయినట్టు ఓబీఎస్ కూడా ఒకనాటికి పోవచ్చు. ఎంచుకున్నదాన్ని ఏడాదికోసారి తిరిగి పరీక్షించాలి, మిగతా మూడింటిని కావలసినవాడు దింపుకునేలా దారి చూపాలి. ఒకటి ముందుంచడమంటే మిగతావాటిని నిషేధించడం కాదు. మిత్రులు ఈ తేడా తెలిసి కూడా నన్ను నిరంకుశుడన్నారంటే, తీర్పు చెప్పే బాధ్యత నుంచి తప్పించుకోవడానికే అనుకోవలసివస్తుంది. తప్పు ఎంపిక చేస్తే మనల్ని నిలదీస్తారు. ఎంపికే చెయ్యకపోతే నిలదీసేవాడుండడు, తప్పంతా వాడుకున్నవాడిదే అవుతుంది. మనకు అదే సుఖంగా వుంది కాబోలు.

వచ్చే సమావేశానికి నా ప్రతిపాదన ఇది. తీర్మానం పక్కన పెట్టండి. ఆ కళాశాలకే వెళదాం. 4 జీబీ లాప్‌టాప్ ఒకటి, మామూలు కెమెరాలు రెండు, వెంట తీసుకుపోదాం. మీ నాలుగు పేర్ల పెన్‌డ్రైవు ఒకటి, నేను సర్దిన పెన్‌డ్రైవు ఒకటి బల్ల మీద పెడదాం. అప్పుడు బస్సెక్కి వెళ్లిపోయిన అమ్మాయిని పిలిచి కూర్చోబెడదాం. గంటలో తన స్నేహితురాలి పాటను, తెలుగులో పేరు వేసి, దేనితో రికార్డు చెయ్యగలిగితే దాన్నే పెడదాం. నా పెన్‌డ్రైవు ఓడిపోతే నేను వాదన మానుకుంటాను. కాని తీర్పు చెప్పవలసింది మాత్రం ఆ అమ్మాయి.